ఆ ఊపిరి తీసేసింది నేనే: ఇంట్లో పాట ఎడిట్ చేసేవాళ్లు ఎక్కడ ఆగాలి?

"అన్నా, పాటలు రికార్డ్ చేయడానికి మంచి మైక్ చెప్పు, బడ్జెట్ 5 వేలు." గాడ్జెట్ల గురించి రాసే ఎవరికైనా వారంలో నాలుగైదు సార్లు వచ్చే మెసేజ్ ఇది. మైక్ కొన్నాక ఆడియో ఇంటర్‌ఫేస్ గురించి అడుగుతారు, అదయ్యాక హెడ్‌ఫోన్స్ గురించి. రికార్డ్ చేసిన క్లిప్‌ని తర్వాత ఏం చేయాలి అని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. కానీ ఇంట్లో రికార్డ్ చేసిన పాట బాగుపడినా, చెడిపోయినా ఎక్కువగా అక్కడే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కొత్త మైక్ కొనడం కంటే క్లిప్ ఎడిటింగ్ నేర్చుకోవడం ముఖ్యం. అయితే దానికి ఒక గీత ఉంది. పాడినవాటిని కలపడం ఎడిటింగ్. పాడనిదాన్ని కల్పించడం మొదలుపెడితే అది వేరే పని. ఆ పని చేయకూడదని నేను అనట్లేదు. చేస్తున్న సంగతి మనకీ, పాడినవాళ్లకీ తెలియాలి అంటున్నా, అంతే. ఈ తేడా నాకు ట్యుటోరియల్స్ చూసి అర్థం కాలేదు. మా చెల్లి స్టేజి మీద పాట మధ్యలో తడబడితే అర్థమైంది.

అసలేం జరిగిందంటే

మా బాబాయి కూతురు డిగ్రీ చదువుతోంది, చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఒక కాలేజీ ఫెస్ట్‌లో పాటల పోటీ ఉంది. మొదటి రౌండ్ ఆన్‌లైన్. 3 నిమిషాల ఆడియో పంపాలి, వెనక తంబురా శ్రుతి తప్ప ఇంకేమీ ఉండకూడదు. "అన్నయ్యా, నీ దగ్గర మైక్ ఉందిగా" అని సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడు అడిగింది. ఫ్యాన్ ఆపేసి, తలుపుకి రెండు దుప్పట్లు వేలాడదీసి, చెమటలు కారుతుండగా 9 టేకులు రికార్డ్ చేశాం.

తను పడుకున్నాక నేను ఎడిటింగ్‌కి కూర్చున్నా. చరణంలో ఒక పొడుగు లైను ఉంది. దాని మధ్యలో తను ఊపిరి తీసుకున్న చోటు వేవ్‌ఫామ్‌లో చిన్న బుడగలా కనిపించింది. అక్కడ కట్ చేశా, ఆ ముక్క తీసేశా, గ్యాప్ మూసేశా, రెండు అంచుల మీద చిన్న క్రాస్‌ఫేడ్ వేశా. ప్లే చేసి చూస్తే మతిపోయింది. లైను మొత్తం ఒకే ఊపిరిలో పాడినట్టు ఉంది! ఆ ఊపులో ఇంకో ఐదారు చోట్ల అదే పని చేశా. తర్వాత పిచ్ కరెక్షన్ కూడా కొంచెం వేశా. ఉదయం వినిపిస్తే "అబ్బ, నేనేనా!" అంది. పంపేశాం. సెలెక్ట్ అయింది.

ఫైనల్‌కి 3 వారాలు టైముంది. ఆ 3 వారాలూ తను నేను చేసిన క్లిప్‌నే వింటూ ప్రాక్టీస్ చేసింది. ఎందుకంటే వాళ్లకి నచ్చింది అదే కదా. ఫైనల్ రోజు స్టేజి మీద ఆ లైను దగ్గరికొచ్చేసరికి క్లిప్‌లో ఉన్నట్టే ఒకే ఊపిరిలో లాగబోయింది. చివరి రెండు మాటల దగ్గర గొంతు ఆగిపోయింది. సర్దుకుని పాట పూర్తి చేసింది కానీ ఆ తర్వాత ధైర్యం పోయింది.

ఆ రాత్రి ఫోన్ చేసింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "అన్నయ్యా, రికార్డింగ్‌లో ఆ లైన్లో నేను ఊపిరి ఎక్కడ తీసుకున్నాను? ఎన్నిసార్లు విన్నా దొరకట్లేదు" అని అడిగింది.

ప్రాజెక్ట్ తెరిచి చూశా. 9 టేకులు, 9 సార్లూ అదే చోట, అదే మాట ముందు ఊపిరి తీసుకుంది. వాళ్ల టీచర్ నేర్పిన చోటే. దాన్ని తీసేసింది నేనే.

క్లిప్ వేరు, ఫైల్ వేరు

నేను అంత కోత కోశాక కూడా ఆ 9 టేకులు ఎలా మిగిలాయి? ఎడిటింగ్ మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇదే.

టైమ్‌లైన్ మీద కనిపించే రంగు డబ్బా మీ ఆడియో కాదు. అది ఒక చీటీ లాంటిది. 'ఫలానా ఫైల్‌లో 12వ సెకను నుంచి 19వ సెకను దాకా ఇక్కడ వినిపించు' అని దాని మీద రాసి ఉంటుంది. అంచు పట్టుకుని లోపలికి లాగితే మారేది చీటీ, ఫైల్ కాదు. మళ్లీ బయటికి లాగితే కోసిన భాగం తిరిగొస్తుంది. దీన్నే నాన్-డిస్ట్రక్టివ్ ఎడిటింగ్ అంటారు. రీపర్, లాజిక్ ప్రో, గ్యారేజ్‌బ్యాండ్, క్యూబేస్, ఏబుల్టన్ లైవ్ అన్నీ ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి. టేపు రోజుల్లో ఇంజనీర్లు నిజంగానే బ్లేడుతో టేపు కోసి, అతుకు టేపుతో అంటించేవాళ్లు. మనకి బ్లేడు ఉంది, కానీ టేపు తెగదు. ఇంత అదృష్టం వాళ్లకి లేదు.

మనలో చాలామంది మొదట వాడే ఆడాసిటీలో పరిస్థితి కొంచెం వేరు. 2000లో వచ్చిన ఈ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో చాలా ఏళ్లపాటు కోసింది కోసినట్టే ఉండేది. క్లిప్ అంచు లాగి, మళ్లీ వెనక్కి తెచ్చుకునే సౌకర్యం 2021లో 3.1 వెర్షన్‌తో వచ్చింది. రియల్‌టైమ్ ఎఫెక్ట్స్ 2022లో 3.2తో వచ్చాయి. ఇప్పటికీ మెనూలోంచి నేరుగా ఎఫెక్ట్ వేస్తే ఆ ఆడియో మారిపోతుంది. ప్రాజెక్ట్ మూసేస్తే అన్‌డూ చరిత్ర కూడా పోతుంది. అందుకే ఎఫెక్ట్ వేసే ముందు ట్రాక్‌ని డూప్లికేట్ చేసి, పాతదాన్ని మ్యూట్‌లో ఉంచండి. 2 సెకన్ల పని.

'స్టోరేజ్ నిండిపోతుంది కదా' అంటారా? లెక్క వేద్దాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో రికార్డింగ్ నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ. 3 నిమిషాల పాట 9 టేకులు కలిపినా సుమారు 233 ఎంబీ. ఫోన్‌లో ఒకటి రెండు నిమిషాల 4కె వీడియో తినేసే జాగా అది. కాబట్టి పాత టేకులు చెరిపేయకండి. సాఫ్ట్‌వేర్లలో 'వాడని ఫైళ్లు తొలగించు' అనే ఆప్షన్ ఉంటుంది. టైమ్‌లైన్ మీద లేని ప్రతి టేకూ దాని దృష్టిలో చెత్తే. నేను ఆ బటన్ నొక్కి ఉంటే చెల్లి ప్రశ్నకి జవాబు ఎప్పటికీ దొరికేది కాదు.

తప్పకుండా నేర్చుకోవాల్సిన నాలుగు పనులు

ఎడిటింగ్ మానేయమని ఈ వ్యాసం రాయట్లేదు. ఈ నాలుగూ వస్తే 3 వేల మైక్‌తో రికార్డ్ చేసినా వినేవాళ్లు చిరాకు పడరు.

*1. ఎక్కడ కోయాలి?* శబ్దం అంటే పైకీ కిందికీ ఊగే అల. ఆ అల పైన ఉన్నప్పుడు కోసేస్తే అక్కడ టక్ మని చప్పుడు వస్తుంది. అల సున్నా గీతను దాటే చోట కోస్తే ఆ గోల తగ్గుతుంది. జూమ్ చేస్తే ఆ చోటు కంటికి కనిపిస్తుంది. మన భాషలో ఇంకో సులువు కూడా ఉంది. ప, ట, క లాంటి అక్షరాలు పలికే ముందు గాలి ఒక్క క్షణం పూర్తిగా ఆగుతుంది. అతుకు అక్కడ పెడితే ఎవరికీ తెలియదు. సాగుతున్న అచ్చు మధ్యలో కోస్తే మాత్రం ఎంత బాగా అతికినా ఎక్కడో దొరికిపోతుంది.

*2. క్రాస్‌ఫేడ్.* రెండు క్లిప్‌ల అంచులు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా పెట్టి, మొదటిది తగ్గుతుంటే రెండోది పెరిగేలా చేయడం. మాటల మధ్య అతుక్కి 5 నుంచి 20 మిల్లీసెకన్లు చాలు. ఫేడ్ ఆకారం కూడా చూసుకోవాలి. ఒకే టేకులోని ఒకే శబ్దాన్ని అతుకుతుంటే సరళ రేఖ ఫేడ్ సరిపోతుంది. రెండు వేర్వేరు టేకుల్ని కలిపేటప్పుడు అదే వాడితే మధ్యలో వాల్యూమ్ కొంచెం కుంగుతుంది. అప్పుడు ఈక్వల్ పవర్ అనే వంపు ఫేడ్ వాడాలి. 'అతుకు దగ్గర ఏదో తేడాగా ఉంది, ఏంటో తెలియట్లేదు' అనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే.

*3. కాంపింగ్.* నాలుగైదు టేకులు పాడి, ఒక్కో లైనుకి ఒక్కో మంచి టేకు ఎంచి ఒకటిగా పేర్చడం. నా సలహా: లైను స్థాయిలో ఎంచండి, మాట స్థాయికి వెళ్లకండి. ఒక్కో మాట ఒక్కో టేకులోంచి తెస్తే అన్నీ కరెక్ట్‌గానే ఉంటాయి, కానీ లైనులో భావం ఉండదు. ఎందుకంటే లైను మొదట్లో మొదలుపెట్టిన భావాన్ని పాడేవాళ్లు చివరి దాకా మోసుకెళ్తారు. మధ్యలో మనిషిని మార్చినట్టు చేస్తే అది తెగిపోతుంది.

*4. క్లిప్ గెయిన్.* పాడుతూ పాడుతూ మైక్‌కి దూరం జరగడం మామూలే. 15 సెంటీమీటర్ల దూరం 30 అయితే నేరుగా మైక్‌కి చేరే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చాలామంది వెంటనే కంప్రెసర్ ప్లగిన్ వేసేస్తారు. దానికంటే ముందు ఆ ఒక్క క్లిప్ వాల్యూమ్ పెంచండి. కంప్రెసర్ పని సగం తగ్గిపోతుంది, గొంతు నలగకుండా ఉంటుంది.

వీటికి తోడు ఒక అలవాటు. పాట అయ్యాక ఎవరూ కదలకుండా 10 సెకన్లు ఉత్త గదిని రికార్డ్ చేయండి. ఏ గదీ పూర్తి నిశ్శబ్దంగా ఉండదు. ఫ్రిజ్ మోత, దూరంగా బండ్ల చప్పుడు ఏదో ఒకటి ఉంటుంది. ఎడిట్‌లో ఖాళీ వచ్చిన చోట ఆ గది చప్పుడు పెడితే చెవికి తేడా తెలియదు. సున్నా నిశ్శబ్దం పెడితే లైన్ కట్ అయిన ఫోన్ కాల్‌లా ఉంటుంది.

గీత దాటేది ఇక్కడే

ఇప్పుడు నేను తప్పు చేసిన వైపుకి వద్దాం. ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ సులువుగా, ఒక్క క్లిక్‌తో పనయ్యే టూల్స్ ఉంటాయి. ప్రమాదం వాటితోనే.

*ఊపిరి.* ఊపిరి అంటే చెత్త శబ్దం కాదు, అది పాటలో విరామ చిహ్నం. వినేవాళ్లకి అక్కడ ఒక మాట ముగిసిందని తెలుస్తుంది. మరీ గట్టిగా వినిపిస్తే ఆ ముక్క క్లిప్ గెయిన్ 6 నుంచి 10 డెసిబెల్స్ తగ్గించండి. తీసేయకండి. ముఖ్యంగా గ్యాప్ మూసేయకండి. నేను చేసిన అసలు తప్పు ఊపిరి శబ్దం తీసేయడం కంటే దాని టైము తీసేయడం. శబ్దం తగ్గితే పాట మిగులుతుంది. టైము పోతే ఆ పాట మనిషి పాడగలిగేదిగా మిగలదు.

*సైలెన్స్ తీసే టూల్స్.* పాడ్‌కాస్ట్ వాళ్లకి ఇవి వరం. తెలుగు పాటకి మాత్రం జాగ్రత్త. మన భాషలో ద్విత్వాలు ఎక్కువ. 'చుక్క' అన్నప్పుడు 'క్క'లో ఒక క్షణం నిశ్శబ్దం ఉంటుంది. నా క్లిప్ ఒకదాంట్లో కొలిస్తే దాదాపు 150 మిల్లీసెకన్లు ఉంది. సాఫ్ట్‌వేర్‌కి తెలుగు రాదు కదా, అది ఖాళీ అనుకుని కుదించేస్తుంది. 'చుక్క' కాస్తా 'చుక' అవుతుంది, 'పట్టు' కాస్తా 'పటు' అవుతుంది. యాస మారిందేంటి అని మనం పాడినవాళ్లని తప్పుపడతాం! నాయిస్ గేట్ గట్టిగా బిగించినా మాటల చివర్లు ఇలాగే మాయమవుతాయి.

*గ్రిడ్.* ర్యాప్ చేసేవాళ్లు, గిటార్, కీబోర్డ్ వాయించేవాళ్లకి ఇది. ప్రతి మాటనీ, ప్రతి నోటునీ బీట్ గీత మీదకి లాగేస్తారు. లాగే ముందు ఒకటి చూసుకోండి: క్లిప్ మొత్తం ఒకే కొలతలో ఆలస్యంగా ఉందా? ఉంటే తప్పు వాయించినవాళ్లది కాదు, ఫోన్‌ది లేదా ఇయర్‌బడ్స్‌ది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో 100 నుంచి 200 మిల్లీసెకన్ల ఆలస్యం మామూలే. 90 బీపీఎం పాటలో ఒక బీట్ 667 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 167. అంటే బ్లూటూత్ మిమ్మల్ని పావు బీట్ వెనక్కి నెట్టగలదు. దానికి మందు మొత్తం క్లిప్‌ని ఒకేసారి ముందుకి జరపడం. రేపటికి మందు వైర్ ఉన్న ఇయర్‌ఫోన్స్. ఈ రెండూ వదిలేసి ముక్కలు ముక్కలుగా కోసి గ్రిడ్‌కి అంటిస్తే, ఆలస్యంతో పాటు వాయించేవాళ్ల నడక కూడా పోతుంది.

*శ్రుతి.* 1997లో ఆటో-ట్యూన్ వచ్చింది. తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు నిల్వలు వెతకడానికి భూకంప తరంగాల సిగ్నల్స్ మీద పనిచేసిన ఇంజనీర్. 1998లో షేర్ పాడిన 'బిలీవ్' పాటతో ఆ సౌండ్ ప్రపంచమంతా తెలిసింది. ఇప్పుడు ఫ్రీ మొబైల్ యాప్స్‌లో కూడా పిచ్ కరెక్షన్ ఉంది. మామూలుగా ఈ టూల్స్ ఆక్టేవ్‌ని 12 సమాన మెట్లుగా చూసి, మీ గొంతుని దగ్గరి మెట్టు మీదకి తోస్తాయి. మన సంగీతంలో స్వరం మెట్టు మీద కదలకుండా కూర్చోదు. తోడి రాగంలో గాంధారం తీసుకోండి, దాని అందమంతా ఊగడంలోనే ఉంది. టూల్‌కి ఆ గమకం తప్పులా కనిపిస్తుంది. స్పీడ్ ఎక్కువ పెడితే ఊపుని మెట్లు మెట్లుగా నరికేస్తుంది. ఇంకో చిక్కు: మీ తంబురా శ్రుతి కీబోర్డ్ శ్రుతికి పిసరంత అటూ ఇటూ ఉంటే, టూల్ మీ గొంతుని తంబురాకి దూరంగా లాగుతుంది. అంటే సరిగ్గా పాడినవాళ్లని అపశ్రుతిలోకి నెడుతుంది. చెల్లి క్లిప్‌లో రెండు చోట్ల నేను చేసింది అదే. వాళ్ల టీచర్ విని "ఇక్కడ గమకం ఏమైంది?" అని అడిగారట. తను పాడింది. నేను చదును చేశాను.

'అందరూ చేసేదే కదా బ్రో'

ఈ మాట వస్తుందని తెలుసు. నిజమే, అందరూ చేస్తారు. ఎప్పటి నుంచో చేస్తున్నారు. బీటిల్స్ 1966 చివర్లో రికార్డ్ చేసి 1967లో విడుదల చేసిన 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' వేర్వేరు వేగాల్లో, వేర్వేరు శ్రుతుల్లో ఉన్న రెండు టేకుల అతుకు. టేపు వేగం మార్చి రెండింటినీ కలిపారు. సంగీత చరిత్రలో గొప్ప ఎడిట్లలో అదొకటి. ఇంటి రికార్డింగ్‌ని కూడా తక్కువ చేయలేం. ఏ.ఆర్. రెహమాన్ చెన్నైలో ఇంటి ఆవరణలోనే పెట్టుకున్న స్టూడియోలో పనిచేసి 1992లో 'రోజా' పాటలు ఇచ్చారు. బిల్లీ ఐలిష్ 2019 ఆల్బమ్ చాలావరకు వాళ్లన్నయ్య బెడ్‌రూమ్‌లో తయారైంది, గ్రామీల్లో ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ కూడా గెలిచింది. ఎడిటింగ్ లేకుండా ఇవేవీ లేవు.

అయితే ఒకటి గమనించండి. బీటిల్స్ ఆ పాట రికార్డ్ చేసే నాటికి కచేరీ టూర్లు ఆపేశారు. ఆ పాటని స్టేజి మీద పాడి నిరూపించాల్సిన అవసరం వాళ్లకి లేదు. వాళ్ల దృష్టిలో రికార్డింగే అసలు వస్తువు. అలాంటప్పుడు ఎంతైనా కోయొచ్చు, అతకొచ్చు, గొంతుని రోబోలా మార్చొచ్చు. వినేవాళ్లకి అది తయారుచేసిన వస్తువని తెలుసు. ఆటో-ట్యూన్‌ని ఎఫెక్ట్‌గా వాడే ర్యాపర్లు ఎవర్నీ మోసం చేయట్లేదు.

కానీ మనలో చాలామంది ఇంట్లో చేసే రికార్డింగ్స్ అలాంటివి కాదు. పోటీకి పంపే క్లిప్, ఆడిషన్ క్లిప్, 'లైవ్ కవర్' అని పెట్టే వీడియో. ఇక్కడ రికార్డింగ్ అనేది ఒక సాక్ష్యం, 'ఈ మనిషి ఇలా పాడగలరు' అని చెప్పే సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని దిద్దితే మొదట మోసపోయేది జడ్జీలు కాదు, పాడినవాళ్లే. చెల్లి తన గొంతు అనుకుని 3 వారాలు నా ఎడిట్‌ని ప్రాక్టీస్ చేసింది. తనకి రాని పాటని తన గొంతుతోనే వినిపించి, 'ఇదే నువ్వు' అని చెప్పింది నేను. ప్రైజ్ పోవడం కంటే నాకు ఎక్కువ బాధ అదే.

మన రివ్యూలు కూడా మారాలి

ఇందులో మా తప్పు కూడా ఉంది. మ్యూజిక్ యాప్ రివ్యూ రాసేటప్పుడు ఎన్ని ట్రాక్స్, ఎన్ని లూప్స్, ఎన్ని ఏఐ ఫీచర్లు అని లెక్కపెడతాం. ఒక్క ట్యాప్‌తో గొంతు 'పర్ఫెక్ట్' చేస్తే ఎక్కువ మార్కులు వేస్తాం. ఇకపై నేను ముందు చూసేవి వేరు.

క్లిప్ కోస్తే అసలు ఫైల్ అలాగే ఉంటుందా? పిచ్ కరెక్షన్‌ని ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆఫ్ చేసి అసలు గొంతు వినొచ్చా? స్పీడ్, స్కేల్ మన చేతిలో ఉంటాయా, లేక అదే తేల్చేస్తుందా? క్రాస్‌ఫేడ్ పొడవు, ఆకారం మార్చుకోవచ్చా? రికార్డింగ్ ఆలస్యాన్ని సరిచేసే సెట్టింగ్ ఉందా? ఎడిట్ చేయని టేకుల్ని వేవ్ ఫైళ్లుగా బయటికి తీసుకోవచ్చా? ఈ ప్రశ్నలకి 'అవును' అని జవాబొచ్చే యాప్ లూప్స్ తక్కువున్నా నాకు మంచిదే.

ఏది వాడాలి అంటే: ఐఫోన్, ఐప్యాడ్, మ్యాక్ ఉన్నవాళ్లకి గ్యారేజ్‌బ్యాండ్ ఫ్రీ, మొదలుపెట్టడానికి అది చాలు. ఆండ్రాయిడ్‌లో ఫ్రీగా మొదలుపెట్టాలంటే బ్యాండ్‌ల్యాబ్ చూడండి. పాత ల్యాప్‌టాప్ ఉన్నా సీరియస్‌గా నేర్చుకోవాలంటే నా ఓటు రీపర్‌కి. 60 రోజులు ఫ్రీగా వాడి చూడొచ్చు, వ్యక్తిగత వాడకానికి లైసెన్స్ 60 డాలర్లు. చూడటానికి అందంగా ఉండదు. కానీ క్లిప్ ఎడిటింగ్‌లో మీకు తెలియకుండా ఏదీ చేయదు, నాకు అది నచ్చుతుంది.

ఫైనల్‌గా ఒక టెస్ట్

ఇప్పుడు ఏ పాట ఎడిట్ చేసినా చివర్లో ఒక పని చేస్తున్నా. పాడినవాళ్లని పిలిచి, హెడ్‌ఫోన్స్ ఇచ్చి, ఎడిట్ చేసిన క్లిప్‌తో పాటు పాడమంటా. మామూలుగా కలిసి పాడగలిగితే ఎడిట్ ఓకే. ఎక్కడైనా తడబడితే, ఊపిరి అందకపోతే, 'నేనిలా పాడనే' అంటే అక్కడికి తిరిగెళ్లి కోసింది మళ్లీ బయటికి లాగుతా. ఖర్చు లేదు, ప్లగిన్ అక్కర్లేదు. టైమ్‌లైన్ మీద కంటికి కనిపించని తప్పులు ఇందులో దొరికిపోతాయి. తమ పాట తామే ఎడిట్ చేసుకునేవాళ్లకి ఇది ఇంకా అవసరం. అర్ధరాత్రి 2 గంటలకి మన గొంతు మనకే ముద్దొస్తుంది, తెల్లారి పాడి చూస్తేనే నిజం తెలుస్తుంది.

చెల్లికి ఆ రాత్రే రెండు ఫైళ్లు పంపా. ఒకటి ఏమీ చేయని 4వ టేకు. రెండోది మళ్లీ పేర్చిన క్లిప్: మంచి లైన్లు ఎంచి కలిపింది, ఊపిర్లు ఎక్కడివక్కడే, పిచ్ కరెక్షన్ ఆఫ్. చరణంలో ఆ ఊపిరి ఏ సెకను దగ్గరుందో మెసేజ్‌లో రాశా, సారీ కూడా చెప్పా.

కాసేపటికి వాయిస్ నోట్ వచ్చింది. ఫోన్ మైక్‌లోనే పాడింది, వెనక మిక్సీ మోత కూడా ఉంది. ఆ లైను దగ్గర ఊపిరి తీసుకుంది, చివరి రెండు మాటలూ నిండుగా పాడింది. ఆ తర్వాత "4వ టేకే ఉంచు అన్నయ్యా, ఇంకో పోటీ ఉంది, దానికి అదే పంపుతా" అంది.

ఉంచాను. ఆ వాయిస్ నోట్ కూడా ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే పెట్టుకున్నా. దాన్ని ఎడిట్ చేయను.